రాశిలో చెయ్యి పెట్టి చూడండి

(భీమవరంలో కెమిస్ట్రీ, ఫార్మసీ విద్యార్థుల సభలో, ముప్పై ఏళ్లకు పైగా బల్క్ డ్రగ్ ప్లాంట్లలో పనిచేసి రిటైరైన ఒక ప్రొడక్షన్ మేనేజర్ చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు చిన్న పని ఒకటి చేద్దాం. ఈ బల్ల మీద ఒక వెడల్పాటి స్టీలు పళ్లెం, ఒక టీ ఫ్లాస్కు ఉన్నాయి. పక్కన సీసాలో ఉన్నది మెడికల్ షాపులో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్. 6 శాతం ఉంటుంది. అంతే కొలత నీళ్లు కలిపి 3 శాతం చేశాను. పళ్లెంలో పావు లీటరు, ఫ్లాస్కులో పావు లీటరు పోశాను. ఇప్పుడు రెండింట్లోనూ చిటికెడు ఈస్ట్ వేస్తున్నాను. బేకరీ వాళ్లు వాడేదే. ఫ్లాస్కుకి మూత పెట్టడం లేదు, గమనించండి. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయీ, ఇలా వచ్చి థర్మామీటర్లు చూసి చెప్పమ్మా. రెండూ 31. బోర్డు మీద రాయి. వీటిని ఇక్కడే వదిలేద్దాం.

మీలో వ్యవసాయం చేసే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? సగం పైనే ఉన్నారు. అయితే నాకు సులువు. సార్వా కోతలప్పుడు తుఫాను పట్టిన ఏడాది మీకు తెలుసు. కోసిన ధాన్యం ఆరకుండానే రాశి పోసి, పైన బరకం కప్పి, రోడ్డు పక్కన కాపలా కూర్చుంటాం. రెండో రోజు నాన్న వచ్చి ఏం చేస్తాడు? బరకం ఎత్తి, రాశిలోకి మోచేతి దాకా చెయ్యి పెడతాడు. పైన చల్లగా ఉంటుంది. లోపల వేడి తగులుతుంది. తగిలిందంటే ఇక నిద్ర ఉండదు. అర్ధరాత్రయినా సరే, వాన తెరిపిస్తే చాలు, మనుషుల్ని పిలిచి రాశి విప్పి పలచగా ఆరబోయిస్తాడు.

ఆ వేడి ఎక్కడిది? గింజకి ప్రాణం ఉంది, అది శ్వాస తీసుకుంటుంది. తడికి బూజు లేస్తుంది, అదీ శ్వాస తీసుకుంటుంది. శ్వాస అంటే పిండిపదార్థం ఆక్సిజన్‌తో కలవడం. అంటే ఆక్సీకరణ. మరి అదే ధాన్యం ఒక బస్తాలో ఉంటే అంత వేడెక్కదు. చాటలో ఉంటే అసలు వేడెక్కదు. గింజ అదే, తడి అదే, జరిగే రసాయన చర్య కూడా అదే. రాశి పోశాం కాబట్టి, నడిమధ్యన పుట్టిన వేడికి బయటికి పోయే దారి లేకుండా పోయింది. తడి గడ్డితో వేసిన మేటు ఇలాగే లోపల కాగి కాగి, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది.

కెమికల్ రియాక్టర్, అంటే రసాయన చర్య జరిపే పాత్ర, ఎందుకు పేలుతుందో మన నాన్నలకి, తాతలకి ఈ పద్ధతిలో ముందే తెలుసు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఆ రాశి సంగతే.

ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కులో ఒక ఆక్సీకరణ చేశారు. ఐస్ గిన్నెలో పెట్టారు, చుక్క చుక్కగా పెరాక్సైడ్ వేశారు, బ్రహ్మాండంగా వచ్చింది. రేపు ప్లాంటులో అదే పనిని వెయ్యి లీటర్ల రియాక్టర్‌లో చేస్తారు. సరుకు వెయ్యి రెట్లు పెరిగింది. చల్లదనం తగిలే గోడ మాత్రం వంద రెట్లే పెరిగింది. అంటే ఒక్కో లీటరు సరుకు వాటాకి వచ్చే గోడ పదో వంతుకి పడిపోయింది. ల్యాబ్‌లో మీరు గమనించనైనా గమనించని వేడి, అక్కడ నిలబడి మిమ్మల్ని చూస్తుంది.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. వేడి పెరిగేకొద్దీ రియాక్షన్ వేగం పెరుగుతుంది. 10 డిగ్రీలకి సుమారుగా రెట్టింపు అని మీ పుస్తకాల్లోనే ఉంది. రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగులో, అంటే జాకెట్‌లో, సున్నా డిగ్రీల బ్రైన్, అంటే చల్లటి ఉప్పునీరు, తిరుగుతోందనుకోండి. లోపలి మాస్, అంటే లోపలున్న సరుకు, 20 నుంచి 40 డిగ్రీలకి ఎక్కింది. జాకెట్ లాగేసే వేడి రెట్టింపయింది. లోపల పుట్టే వేడి నాలుగు రెట్లయింది. 20 దగ్గర రెండూ సరిసమానంగా ఉన్నాయనుకుంటే, 40 దగ్గర జాకెట్ ఓడిపోయింది. ఇంక అక్కడి నుంచి ప్రతి డిగ్రీకీ తేడా పెరుగుతూనే ఉంటుంది. దీన్నే రన్‌అవే అంటాం. ఈ లెక్కని మొదట గట్టిగా నిలబెట్టినవాడు రష్యాకి చెందిన నికొలాయ్ సెమ్యోనోవ్. గొలుసు చర్యల మీద చేసిన పనికి ఆయనకి 1956లో నోబెల్ వచ్చింది.

చర్యలన్నింట్లోనూ వేడి ఉంటుంది కదా, ఆక్సీకరణ గురించే ఎందుకింత భయం అని అడగొచ్చు. నా అనుభవంలో కారణాలు రెండు. ఒకటి, ఇందులో పుట్టే వేడి చాలా ఎక్కువ. ఒక ఉదాహరణ లెక్క చూడండి. కిలో మాస్‌కి 300 కిలోజౌళ్ల వేడి వస్తుందనుకుందాం. ఆర్గానిక్ మాస్ ఒక డిగ్రీ వేడెక్కడానికి కిలోకి సుమారు 2 కిలోజౌళ్లు కావాలి. కూలింగ్ ఆగిపోతే ఎంత ఎక్కుతుంది? 150 డిగ్రీలు. 25 దగ్గర మొదలైతే 175కి చేరుతుంది. అందులో సాల్వెంట్, అంటే సరుకుని కరిగించే ద్రవం, టోలీన్ అయితే అది మరిగేదే 110 దగ్గర. రెండోది, మంటకి గాలి అందకుండా చేస్తే ఆరిపోతుందని మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ ఆక్సిజన్ సరుకులోనే ఉంది. పెరాక్సైడ్‌లో ఉంది, నైట్రిక్ యాసిడ్‌లో ఉంది, క్లోరేట్‌లో ఉంది. మూత బిగిస్తే ఆరదు. బాణసంచా మందు చేసే పని అదే. 2014లో దీపావళికి మూడు రోజుల ముందు వాకతిప్పలో బాణసంచా తయారయ్యే చోట పదిమందికి పైగా చనిపోయారు. కాకినాడ పక్కనే, మీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఊరు, కంపెనీ చెప్పను. తొంభైల్లో, నేను షిఫ్ట్ కెమిస్ట్‌గా చేరి అప్పటికి రెండేళ్లు. రెండు కేఎల్, అంటే రెండు వేల లీటర్ల, గ్లాస్ లైన్డ్ రియాక్టర్. ఒక సల్ఫైడ్‌ని పెరాక్సైడ్‌తో సల్ఫాక్సైడ్‌గా మార్చే స్టెప్. బ్యాచ్ షీట్‌లో ఏముందంటే, మాస్ 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచి, అయిదు గంటలపాటు పెరాక్సైడ్ వదలాలి.

అంతకు ముందు రోజు ఇంకో షిఫ్ట్‌లో టెంపరేచర్ 27కి వెళ్లింది. ఇంచార్జ్ అందర్నీ నిలబెట్టి తిట్టాడు. దాంతో ఆ రాత్రి హెల్పర్ బ్రైన్ వాల్వ్ పూర్తిగా తెరిచేశాడు. నేను పదింటికి రౌండ్‌కి వచ్చి అడిగాను, ఎలా ఉందయ్యా అని. "ఆయ్, చల్లగానే ఉందండి, భయం లేదండి" అన్నాడు. చూస్తే మాస్ 8 డిగ్రీలుంది. నాకూ ధైర్యమనిపించింది. 27 అయితే తిట్లు, 8 అయితే ఏముంది? ఇంత చల్లగా ఉంది కదా, కొంచెం తొందరగా వదిలేద్దామని నేనే చెప్పాను. ఈ మాట అన్నది నేనే. అయిదు గంటల ఎడిషన్, అంటే పెరాక్సైడ్ వదిలే పని, మూడు గంటల్లో అయిపోయింది. టెంపరేచర్ కదల్లేదు. లాగ్ షీట్‌లో ప్రతి అరగంటకీ 8, 8, 8 అని రాసి ఉంది.

ఇప్పుడు మీరు చెప్పండి, పెరాక్సైడ్ వేస్తున్నా టెంపరేచర్ ఎక్కకపోవడం మంచి కబురా, చెడ్డ కబురా? చెడ్డ కబురు. రియాక్షన్ జరగడం లేదన్నమాట. వేసిన పెరాక్సైడ్ అంతా అలాగే లోపల పోగుపడి ఉంది. 20 దగ్గరైతే వేసింది వేసినట్టు ఖర్చయిపోయేది. వేడి గంట గంటకీ కొంచెం కొంచెంగా, జాకెట్ మోయగలిగినంతే వచ్చేది. 8 దగ్గర మేం చేసింది అప్పు పెంచుకోవడం. అప్పుమీద ప్రతి 10 డిగ్రీలకీ వడ్డీ రెట్టింపు.

ఎడిషన్ అయిపోయింది కదా అని బ్రైన్ కట్టేశాం. 8 నుంచి 14 కావడానికి నలభై నిమిషాలు పట్టింది. 14 నుంచి 22కి పావుగంట. 22 దగ్గర నాకు అనుమానం వచ్చి బ్రైన్ తెరవమన్నాను. తెరిచాడు. 38. ఆ తర్వాత ముల్లు తిరగడం కంటితో చూశాను. గడియారంలో సెకన్ల ముల్లులా తిరిగింది. మ్యాన్‌హోల్ మూత దగ్గర ముందు సన్నగా ఈల వేసినట్టు శబ్దం, తర్వాత తెల్లటి ఆవిరి, ఆ వెంటనే మాస్ పైకప్పుకి కొట్టింది. రప్చర్ డిస్క్ ఉంది, అంటే ప్రెషర్ మితిమీరితే చిరిగి దారి ఇచ్చే రేకు. దాని పైపు ఎక్కడ తెరుచుకుంటుందంటే, ప్లాట్‌ఫాం మీద, మనుషులు నడిచే చోటే. హెల్పర్ అక్కడే ఉన్నాడు.

అతను బతికాడు. మెడ, ఎడమ చెయ్యి కాలాయి. ఇప్పుడు ఊళ్లో కొబ్బరికాయల వ్యాపారం చేసుకుంటున్నాడు. ఎప్పుడు కనిపించినా, మే నెల ఎండలో కూడా, చొక్కా పైగుండీ పెట్టే ఉంటుంది. ఆ గుండీ వైపు చూడకుండా అతనితో మాట్లాడటం ఇప్పటికీ నా వల్ల కాదు.

అందుకే చెప్తున్నాను. ఏ ప్లాంటుకి వెళ్లినా టెంపరేచర్ పై హద్దు ఎంత అని అందరూ అడుగుతారు. మీరు కింది హద్దు ఎంత అని అడగండి. పై హద్దు దాటితే పెరాక్సైడ్ పంపు ఎలా ఆగాలో, కింది హద్దు కన్నా కిందికి పోయినా అలాగే ఆగాలి. ఇది ఇంటర్‌లాక్‌లో, అంటే దానంతటదే ఆపేసే ఏర్పాటులో, ఉండాలి, మనిషి జ్ఞాపకం మీద ఆధారపడకూడదు. ఇంకొకటి, సగం ఎడిషన్ అయ్యాక శాంపిల్ తీసి, లోపల ఖర్చు కాని పెరాక్సైడ్ ఎంతుందో టైట్రేట్ చేయించండి. పది నిమిషాల పని. ఆ రాత్రి అది చేసి ఉంటే నాకు తెలిసేది.

లోపలి సరుకుని కలియతిప్పే స్టిర్రర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కరెంటు పోతుంది, స్టిర్రర్ ఆగుతుంది. ముఖ్యంగా తుఫాను రోజుల్లో. ఆగిన వెంటనే పంపు కూడా ఆగకపోతే, బరువైన పెరాక్సైడో నైట్రిక్ యాసిడో అడుగుకి చేరుతుంది. ఆర్గానిక్ పైన తేలుతుంది. రెండు పొరలు. పైకి చూస్తే అంతా ప్రశాంతం. కరెంటు వచ్చింది, ఎవరో పరుగున వచ్చి స్టిర్రర్ స్విచ్ వేశారు. రెండు పొరలూ ఒక్కసారిగా కలిశాయి. గంటసేపు జరగాల్సింది నిమిషంలో జరుగుతుంది. పొరలు పడిన రియాక్టర్‌ని ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. ఆ టెన్షన్‌లో నిలబడి ఆలోచించే టైము ఉండదు. రాసి లేకపోతే స్విచ్ జోలికి పోకండి, చుట్టుపక్కల మనుషుల్ని ఖాళీ చేయించండి, పెద్దవాళ్లని పిలవండి.

ఇప్పటిదాకా వేడి ఎటు పోతుందో చెప్పాను. అంత ముఖ్యమైన రెండో ప్రశ్న, గ్యాస్ ఎటు పోతుంది?

ఫ్లాస్కుకి మూత ఎందుకు పెట్టలేదంటే ఇదిగో. ఒక లీటరు 30 శాతం పెరాక్సైడ్ పూర్తిగా విడిపోతే వంద లీటర్లకి పైగా ఆక్సిజన్ వస్తుంది. సీసాల మీద వంద వాల్యూములు అని రాసేది అందుకే. దాంతోపాటు, ఆ లీటరులోని నీళ్లని మరిగించేంత వేడి కూడా వస్తుంది. వంద లీటర్ల గ్యాస్‌ని, దానికి తోడు ఆవిరిని లీటరు సీసాలో కూర్చోబెట్టాలంటే ఏ సీసా ఒప్పుకుంటుంది? పెరాక్సైడ్ ఇలా విడిపోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. తుప్పు చాలు, రాగి చాలు, కాస్త మురికి చాలు.

ఇది మందుల ఫ్యాక్టరీల సంగతే అనుకోకండి. మన చెరువుల దగ్గర చూడండి. తెల్లవారుజామున రొయ్య పైకి తేలిందంటే రైతు పరుగెత్తుకెళ్లి ఆక్సిజన్ టాబ్లెట్లు చల్లుతాడు. అవి సోడియం పెర్కార్బొనేట్, చాకలి సోడాలో పెరాక్సైడ్‌ని పట్టించిన సరుకు. కొందరు నేరుగా పెరాక్సైడే పోస్తారు. అదే షెడ్డులో బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, ఏరియేటర్ ఇంజిన్‌కి డీజిల్, యాసిడ్ క్యాన్లు, తడిసిన నేల. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. టాబ్లెట్ల బస్తా తడిస్తే అదే రాశి కథ మళ్లీ. లోపల వేడెక్కుతుంది, పైగా ఆక్సిజన్ వదులుతుంది. పక్కన డీజిల్ ఉంటే చెప్పనక్కర్లేదు.

మన దగ్గరే ఒక మేతల షాపులో నేను కళ్లారా చూసింది చెప్తాను. పెరాక్సైడ్ క్యాను మూతకి గాలి వదిలే సన్న రంధ్రం ఉంటుంది. ఆటోలో తెచ్చేటప్పుడు అందులోంచి చెమ్మ కారుతోందని, కుర్రాడు ఆ మూత తీసేసి వేరే క్యాను మూత గట్టిగా బిగించాడు. అంతకు ముందు ఒక రైతు ఇనప మగ్గుతో కొలుచుకుని, మిగిలింది మళ్లీ క్యానులోనే పోశాడట. నేను వెళ్లేసరికి ఆ క్యాను నేల మీద నిటారుగా నిలబడటం లేదు. అడుగు గుండ్రంగా ఉబ్బి, చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది. అసలు చెయ్యి పెట్టకుండా ఉండాల్సింది, అలవాటు కొద్దీ పెట్టాను. షాపులోంచి అందర్నీ బయటికి పంపి, దూరం నుంచి గొట్టంతో దాని మీద నీళ్లు పెట్టించి, ఫైర్ ఆఫీసుకి ఫోన్ చేశాం. సాయంత్రానికి చల్లబడింది. దాని మూత విప్పడానికి ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. మీ నాన్నలకి చెరువులుంటే ఈ రెండు ముక్కలూ ఇంటికెళ్లి చెప్పండి: ఆ రంధ్రం మూయొద్దు, ఒకసారి బయటికి తీసింది మళ్లీ లోపల పోయొద్దు.

మీ కాలేజీ ల్యాబ్‌కి వస్తే, నా భయమంతా వేస్ట్ సీసా మీదే. ప్రాక్టికల్ అయిపోయింది, బెల్లు కొట్టారు, నైట్రిక్ యాసిడ్ మిగిలింది. పక్కన మెథనాలో అసిటోనో ఉన్న వేస్ట్ సీసా కనిపించింది. అందులో పోసి మూత బిగించి వెళ్లిపోయారు. ఒక్కోసారి వెంటనే ఏమీ కాదు. గంటల తర్వాత, ఎవరూ లేనప్పుడు గోధుమరంగు పొగ కమ్మి సీసా పగులుతుంది. ప్రపంచమంతటా ల్యాబుల్లో ఇది మళ్లీ మళ్లీ జరిగిన ప్రమాదమే. యాసిడ్ వేస్ట్ వేరు, సాల్వెంట్ వేస్ట్ వేరు. పెరాక్సైడ్ వాడిన గ్లాసుని అసిటోన్‌తో కడగొద్దు, నీళ్లతో కడగండి.

ఇక రియాక్టర్‌లో ద్రవం పైన ఉండే ఖాళీ. దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఖాళీయే కదా అని. టోలీన్ ఆవిరి గాలిలో 1.1 శాతం నుంచి 7.1 శాతం దాకా ఉంటే అంటుకుంటుంది. అంతకన్నా తక్కువైతే చాలదు, ఎక్కువైతే గాలి చాలదు. మరి 30 డిగ్రీల దగ్గర మూసిన పాత్రలో టోలీన్ ఆవిరి ఎంత ఉంటుంది? సుమారు 5 శాతం. సరిగ్గా నట్టనడుమ. మెథనాల్ హద్దులు 6 నుంచి 36. 30 డిగ్రీలకి దాని ఆవిరి సుమారు 20 శాతం. అదీ నడుమే. చలిదేశాల్లో రాసిన పద్ధతిని తెచ్చి, మన గోదావరి జిల్లాల వాతావరణంలో అలాగే చేస్తే, మనం ఏమీ చేయకుండానే ఆ ఖాళీ మందుగుండు అయి కూర్చుంటుంది.

నిప్పురవ్వ లేకపోతే ఏమీ కాదు కదా అంటారు. ఈ ఆవిర్లకి 0.2, 0.3 మిల్లీజౌళ్ల రవ్వ చాలు. తలుపు గొళ్లెం ముట్టుకుంటే వేలికి చురుక్కుమంటుందే, దాన్లోనే అంతకన్నా ఎక్కువ శక్తి ఉంటుంది. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ, స్టాటిక్ రాదు అనేవాళ్లున్నారు. టోలీన్ పైపులో పరుగెత్తేటప్పుడు ఆ ద్రవానికే ఛార్జ్ పడుతుంది, బయట ఎంత తేమ ఉంటే లోపలికేం లాభం? ఎర్తింగ్ క్లిప్ పెట్టాల్సిందే. పెట్టినా, రవ్వ రాదన్న నమ్మకం మీద ప్రాణాలు పెట్టొద్దు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే ఊళ్లో ఏం జరిగింది? పైపులైను నుంచి గ్యాస్ లీకై తెల్లవారేసరికి ఇళ్ల మధ్య పరుచుకుంది. పల్లెటూరిలో ఆ వేళకి ఎక్కడో ఒకచోట పొయ్యి వెలగక మానదు. ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు నిలబడ్డ చోటే మాడిపోయాయి. మంటకి కావలసిన వస్తువులు రెండూ కలిశాక, మూడోది వచ్చి తీరుతుంది.

అందుకని ఆక్సిజన్‌ని తగ్గించాలి. నైట్రోజన్ పంపి, పైన ఖాళీలో ఆక్సిజన్‌ని తగ్గిస్తే మంట అందుకోదు. చాలా సాల్వెంట్లకి ఆ హద్దు 10 శాతం అటూ ఇటూ ఉంటుంది, ప్లాంటులో దానికి చాలా కింద ఉంచాలి. హైడ్రోజన్‌కి 5 శాతమే. ఆక్సీకరణలో మెలిక ఏమిటంటే, మొదట్లో నైట్రోజన్ పెట్టి వదిలేస్తే సరిపోదు. పెరాక్సైడ్ విడిపోయేకొద్దీ లోపలి నుంచే ఆక్సిజన్ వస్తూ ఉంటుంది. గాలిలోని 21 శాతం కూడా దాటిపోవచ్చు. అప్పుడు చిన్న రవ్వకే అంటుకుంటుంది, అంటుకుంటే గట్టిగా అంటుకుంటుంది. కాబట్టి నైట్రోజన్ పోతూనే ఉండాలి, ఆక్సిజన్ మీటరు చూస్తూనే ఉండాలి. నైట్రోజన్ పెట్టిన రియాక్టర్‌లోకి మనిషి తల పెట్టకూడదు. రెండు శ్వాసల్లో పడిపోతాడు. అతన్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు.

ఫ్లిక్స్‌బరో గురించి క్లుప్తంగా చెప్తాను. ఇంగ్లండ్‌లో, 1974 జూన్ 1, శనివారం సాయంత్రం. సైక్లోహెక్సేన్‌ని గాలితో ఆక్సీకరణ చేసే ప్లాంటు. ఆరు రియాక్టర్లు వరుసగా ఉండేవి. అయిదోదానికి పగులు కనిపిస్తే దాన్ని తీసేసి, నాలుగు నుంచి ఆరుకి తాత్కాలికంగా 20 అంగుళాల పైపు వేశారు. ఆ పైపుకి ఉన్న డ్రాయింగ్ ఏమిటో తెలుసా? వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో గీసిన గీత. రెండు నెలలు నడిచింది. ఆ శనివారం అది తెగింది, ఆవిరి మేఘం పేలింది, 28 మంది చనిపోయారు. కంట్రోల్ రూములో ఉన్న 18 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వేరే రోజైతే ఆఫీసులో జనం ఉండేవాళ్లు. మీరు పనిచేయబోయే చిన్న యూనిట్లలో ఈ సుద్దముక్క గీతలు రోజూ కనిపిస్తాయి. 30 శాతం పెరాక్సైడ్ దొరకలేదు, 50 శాతం వాడేద్దాం సార్, కొలత తగ్గిస్తే సరిపోతుంది కదా అంటారు. కొలత సరిపోతుంది. ఆ వేడిని మోయడానికి ఉన్న నీళ్లు తగ్గిపోయాయి, ఆ సంగతి ఎవరూ లెక్కవేయరు.

ఎవరో చెయ్యెత్తారు. అడుగు బాబూ.

"సార్, ఇప్పుడు చిన్న చిన్న ఫ్లో రియాక్టర్లు వస్తున్నాయి కదండీ. అందులో ఈ ప్రమాదం ఉండదంటున్నారు, నిజమేనా?"

మంచి ప్రశ్న. చాలావరకు నిజం. మిల్లీమీటరు గొట్టంలో సరుకు సన్నగా పారుతూ ఉంటే, అది రాశి కాదు, ఆరబోసిన ధాన్యం. ప్రతి చుక్కకీ పక్కనే గోడ ఉంటుంది. ఒక క్షణంలో లోపల రియాక్ట్ అవుతున్న సరుకు చెంచాడే, ఏమైనా ఆ చెంచాడే అవుతుంది. సన్న సందులో మంట కూడా సాగలేదు, గోడలు దాని వేడి లాగేస్తాయి. 1815లో హంఫ్రీ డేవీ గని కార్మికుల దీపానికి జల్లెడ తీగ చుట్టింది ఈ కిటుకుతోనే. మీథేన్ మంట సుమారు మిల్లీమీటరు సందు దాటలేదు. హైడ్రోజన్ అంత మంచిది కాదు, దానికి మిల్లీమీటరులో మూడో వంతు కన్నా సన్న సందు కావాలి.

కానీ మూడు జాగ్రత్తలు చెప్తాను, రాసుకో. గొట్టంలో గడ్డ కట్టి అడ్డం పడితే వెనక ప్రెషర్ ఏమవుతుంది? స్వచ్ఛమైన ఆక్సిజన్ ప్రెషర్ మీద పంపుతుంటే డిటొనేషన్, అంటే ధ్వని కన్నా వేగంగా దూసుకెళ్లే పేలుడు, వచ్చే వీలుంది, దాన్ని సన్న గొట్టం ఆపుతుందన్న నమ్మకం లేదు. మూడోది అందరూ మర్చిపోయేది. గొట్టం చివర డబ్బా ఉంటుంది, వచ్చిన సరుకు అందులో పోగవుతుంది. రియాక్షన్ పూర్తికాకుండా సరుకు బయటికి వస్తే, ఆ డబ్బాలో మళ్లీ రాశి తయారవుతుంది. ప్రమాదం గొట్టం దాటి డబ్బాలోకి వెళ్లింది, అంతే. డబ్బాలోనూ థర్మామీటర్ పెట్టండి, దానికీ గాలి పోయే దారి ఉంచండి.

చిన్నది అన్న మాట నమ్మి మోసపోయినవాళ్లున్నారు. 2016 మార్చి 16న హవాయి విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో, బ్యాక్టీరియాకి ఆహారంగా హైడ్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి ఒక ట్యాంకులో నింపి ఉంచారు. 50 లీటర్ల లోపు ట్యాంకు. మన వంటగ్యాస్ బండ కన్నా కాస్త పెద్దది. అది పేలి ఒక పరిశోధకురాలు చెయ్యి కోల్పోయింది. మంట అందుకునే రెండు గ్యాసుల్ని ముందే కలిపి, ప్రెషర్‌లో పెట్టి ఉంచారు. అక్కడ చిన్న ల్యాబా, పెద్ద ప్లాంటా అన్న తేడా ఏముంది?

వెనక నుంచి ఇంకెవరో. మీరు ప్లాంటులో పనిచేస్తున్నారా? చెప్పండి.

"మేం చెప్తే పైవాళ్లు వింటారా అండి? బ్యాచ్ ఆపితే ఉద్యోగం పోద్దండి."

మీ బాధ నాకు తెలుసు. అబద్ధపు ధైర్యం చెప్పను. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రాణాపాయం ముంచుకొస్తోందని అనిపిస్తే హెచ్చరించే హక్కుని కార్మికుడికి ఇస్తూ 41-హెచ్ సెక్షన్ పెట్టారు. హక్కు కాగితం మీద ఉంటే చాలదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను మేనేజర్ అయ్యాక చేసింది ఒక్కటే. ఆక్సీకరణ నడిచే ప్రతి రియాక్టర్ దగ్గరా బ్యాచ్ ఆపేసిన హెల్పర్‌ని ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదని రాసి అంటించాను. దాని కింద నా సంతకం పెట్టాను. అనవసరంగా ఆపిన సందర్భాలు కూడా వచ్చాయి. ఆ నష్టం మీటింగుల్లో నేను మోశాను. మీ దగ్గర అలాంటి కాగితం లేకపోతే, కనీసం లాగ్ షీట్‌లో నిజం రాయండి. 8 అంటే 8 అని రాయండి, పక్కన "పెరాక్సైడ్ ఖర్చు కావడం లేదేమో" అని ఒక ముక్క రాసి టైము వేయండి. రాసి ఉన్నదాన్ని తోసిపుచ్చడం ఎవరికైనా కష్టం. ఇక్కడున్న పిల్లల్లో రేపు ఇంచార్జులయ్యేవాళ్లున్నారు. 27 డిగ్రీలకి మనిషిని అందరి ముందూ తిడితే, మర్నాడు 8 డిగ్రీలు చూస్తారు. ఆ రాత్రికి నేను ఎంత కారణమో, ఆ తిట్లూ అంతే కారణం.

టైము అయిపోయిందని మాస్టారు చూస్తున్నారు. అమ్మాయీ, మళ్లీ ఒకసారి రా. ముందు పళ్లెం చూడు. మొదట్లో నురగ బాగానే వచ్చింది, ఇప్పుడు ఆగిపోయింది. ఎంతుంది? 34. సరే. ఇప్పుడు ఫ్లాస్కు. మొహం మరీ దగ్గరగా పెట్టకు. రెండింట్లోనూ ఒకే సీసాలోది పోశాం, ఒకే కొలత పోశాం, అందరూ చూశారు. గట్టిగా చదువు, వెనక వాళ్లకి వినపడాలి.

"47 సార్."

బోర్డు మీద 31 పక్కనే రాయమ్మా.